ఆ గోంగూర సీసా నాది

పోయిన నెల ఇర్వింగ్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో, దండ వేసిన ఫోటో పక్కన మైకు పట్టుకుని నిలబడి నేనొక అబద్ధం చెప్పాను. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. పోయినాయన భార్య కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఫోటోలో ఆయన మాత్రం నవ్వలేదు. అది పాస్‌పోర్టు కోసం తీయించుకున్న ఫోటో. అందులో నవ్వకూడదని రూలు. రూలంటూ ఒకటి రాసి ఉంటే ఆయన జన్మలో దాన్ని కాదనలేదు.

ఆ అబద్ధంలో ఉన్న మజా అంతా అదే. రూల్సే ప్రాణంగా బతికిన మనిషి, ఎలుగుబంట్లు తిరిగే కొండమీదికి దొంగతనంగా గోంగూర పచ్చడి తీసుకెళ్ళి గైడ్‌కి దొరికిపోయాడన్నది కథ. తొమ్మిదేళ్ళుగా డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ళింట్లో విందు జరిగినా నేను చెప్తున్నది అదే. ఆ కథలో గోంగూర నిజం, కొండ నిజం, గైడ్ నిజం. సీసా మాత్రం నాది.

ఆయన పేరు రాయను. మేమంతా మాస్టారు అనేవాళ్ళం. ఆయన ఎవరికీ పాఠాలు చెప్పలేదు, ముప్ఫై ఏళ్ళు డేటాబేస్‌ల పని చేశారు. అయితే ఎక్కడ ఏ బోర్డు కనపడినా పైకి చదివి వినిపించేవారు కనక మాస్టారయ్యారు. లిఫ్టు ఎక్కితే ఎంతమంది ఎక్కొచ్చో చదివి, లోపల ఉన్నవాళ్ళని లెక్కపెట్టి, ఒకరెక్కువైతే తనే దిగిపోయేవారు. షాంపూ సీసా మీద రుద్ది, కడిగి, మళ్ళీ చెయ్యమని ఉంటుంది చూశారా, నాకు తెలిసి ప్రపంచంలో మళ్ళీ చేసిన మనిషి ఆయనొక్కరే. 

లాస్ కొలీనాస్‌లో మా ఇద్దరి ఆఫీసులూ ఒకే బిల్డింగ్‌లో ఉండడంతో నాలుగేళ్ళు ఆయన కార్లోనే వెళ్ళాను. హైవే మీద అరవై అయిదని ఉంటే స్పీడు ముల్లు అరవై అయిదు దగ్గరే. మిగతా టెక్సస్ అంతా మమ్మల్ని దాటుకుంటూ పోయేది. వెనకాల ట్రక్కువాడు హారన్ మోగిస్తే అద్దంలోకి చూసి, "బోర్డు ఆయనకీ కనపడుతోందిగా" అనేవారు. అంతే. విసుగు లేదు, కోపం లేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఊఁ, చెప్పవయ్యా, ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగేవారు.

ఎక్కడిదాకా అంటే నా కాపురం సంగతి. అది ఆ కార్లో సీరియల్‌లాగా నడిచేది.

నా అబద్ధాలు పెద్దవి కావు. సిగరెట్లు మానేశానని. జిమ్‌కి వెళ్తున్నానని. ఒక్కటి మాత్రం పెద్దది: వీసా మీద ఉండగా ఉద్యోగం పోతే, మూడు వారాలపాటు రోజూ పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని ఆఫీసుకని చెప్పి లైబ్రరీలో కూర్చున్నాను. కొత్త ఉద్యోగం దొరికింది. కానీ నా భార్య సుధకి సంగతి తెలిసిపోయింది. ఆ తర్వాత ఆర్నెల్లు మా ఇంట్లో రెండు గదుల్లో రెండు దీపాలు వెలిగేవి. "ఇంకొక్క అబద్ధం. చిన్నదైనా సరే. ఇంక నేను లెక్కపెట్టను, వెళ్ళిపోతాను" అంది సుధ. ఆ మాట నేను మాస్టారికి చెప్పాను. ఆయన ఎగ్జిట్ దగ్గర ఇండికేటర్ వేసి, "చెప్పెయ్యడం తేలికయ్యా. గుర్తుపెట్టుకోవాల్సిన పనుండదు" అన్నారు.

ఆయనకొక పిచ్చి ఉండేది. ఏ సముద్రం చూసినా ఒక హోమియో మందు సీసాడు నీళ్ళు పట్టుకొచ్చేవారు. సూర్యలంక బీచ్‌లో మొదలుపెట్టారట. విమానంలో అనుమతించే దానికన్నా తక్కువ కొలత ఉన్న సీసాలే వాడేవారని వేరే చెప్పక్కర్లేదు. ప్రతిదానికీ ఇంట్లోనే ముందుగా లేబుల్ రాసి అంటించేవారు. సముద్రం, తేదీ, పట్టినవారు, రుచి అని నాలుగు వరసలు, నీళ్ళు పట్టాకే నింపేవారు. రుచి దేనికని అడిగితే, "నీళ్ళేగా, తెలుపే అన్నీ. తేడా ఎలా తెలుస్తుంది మరి?" అన్నారు. షోకేసులో ఆరు సీసాలు పోగయ్యాయి. ఏడోది ఆర్కిటిక్. అందుకని రిటైరైన వేసవిలో అలాస్కా ఉత్తరపు కొసకి ప్రయాణం పెట్టారు. ఆయన భార్య, మా ఆంటీకి మోకాళ్ళ నొప్పులు. "మీరు పోండి, మీ ఉప్పునీళ్ళ కోసం నేను చలికి చావలేను" అందావిడ. మాతో వరంగల్ శ్రీకాంత్ కలిశాడు. నేనూ సుధా వెళ్ళడం మాస్టారి ఆలోచనే. "ఇంట్లో రెండు గదులున్నాయి కనక చెరోదాంట్లో ఉన్నారు. అక్కడ టెంటంత గది" అన్నారు.

ఆ పొద్దున లాడ్జ్‌లో గైడ్ మా చేత ఫారాలు సంతకం చేయించింది. ఆ ఊరావిడే, యాభై ఏళ్ళుంటాయి, భుజాన తుపాకీ. మేము ముగ్గురం చదవకుండా గీకేశాం. మాస్టారు కళ్ళజోడు మార్చుకుని మొత్తం పైకి చదివి, తెలుగులో సారాంశం కూడా చెప్పారు. "వాసనొచ్చే తిండేదీ సొంత సంచిలో ఉండకూడదు. తిండంతా గైడ్ దగ్గరున్న డబ్బాలోనే. ఎవరన్నా దాచినట్టు తేలితే అక్కణ్ణించే వెనక్కి పంపించేస్తారు. విన్నారా? శ్రీకాంత్, నీ చూయింగ్ గమ్."

"గమ్ గూడనా మాస్టారూ?"

"వాసనొస్తుందా లేదా?"

శ్రీకాంత్ గమ్ ఇచ్చేశాడు. సుధ నా వైపు తిరిగి, "ఆ గోంగూర రూమ్‌లో పెట్టేశావా?" అంది.

"పెట్టేశా."

పెట్టలేదు. సీసా మూత చుట్టూ టేపు, పైన ఫాయిల్, దాని మీద రెండు జిప్‌లాక్ కవర్లు, ఆ పైన న్యూజెర్సీ ఐసెలిన్‌లో మా తోడల్లుడు పచ్చడి కొన్న కొట్టు కవరు. మన జాతి ఇన్ని దేశాలకి ఈ పద్ధతిలోనే పచ్చడి చేరవేసింది. ఎలుగుబంటి ముక్కు దీన్ని దాటగలదని నాకు నమ్మకం లేదు. పైగా మధ్యాహ్నం భోజనానికి చల్లటి రొట్టె, ఎండు చేప అని విన్నాను. దానికోసం నా కాపురాన్ని పణంగా పెట్టానని ఆ నిమిషంలో అనుకోలేదు. పచ్చడి అనుకున్నాను.

వ్యాన్ దిగి కొండెక్కడం మొదలుపెట్టాం. అక్కడ చెట్టనేది లేదు. మోకాలెత్తు దాటి ఏదీ పెరగదు. కాలు పెడితే నాచు పరుపులా దిగిపోతుంది, మళ్ళీ కాలు పైకి లాక్కోవాలి. దూరంగా ఒక వాలులో కస్తూరి ఎద్దులు మేస్తున్నాయి, గేదెల మీద రగ్గులు కప్పినట్టు. మాస్టారు గైడ్ అడుగుల్లో అడుగులు వేస్తూ నడిచారు. ఎందుకంటే ఫారంలో అలా ఉంది. గట్టు మీదికి చేరగానే అవతల సముద్రం కనపడింది. బూడిదరంగు పలక, దాని చివర మంచు తెల్లగీత. ఆయన టోపీ తీశారు.

"అదేనా?" అన్నారు.

"అదే" అంది గైడ్.

వాచీ చూసుకుని టైము నోట్ చేసుకున్నారు. తర్వాత ఎవరూ అడక్కుండానే నాతో, "పాదాలు తుడుచుకోడానికి టవలు కూడా తెచ్చా" అన్నారు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ గట్టు మీదే భోజనాలు. సంచులన్నీ ఒకచోట కుప్పగా పెట్టించి, వంద అడుగులవతల మమ్మల్ని కూర్చోబెట్టింది గైడ్. ఎండు చేప నములుతుండగా సంచుల దగ్గర కదలిక. ఉడుత జాతిది ఒకటి, కుందేలంత ఉంది, కుప్పలోంచి ఏదో కవరు లాగుతోంది. గైడ్ లేచి తోలేసరికి అది కవరు వదిలి పారిపోయింది. కవరు చిరిగింది. సీసా దొర్లుకుంటూ వచ్చి రాయికి తగిలి ఆగింది. టేపు ఊడి, నూనె రాయి మీదికి కారింది. మైళ్ళకొద్దీ ఇంకే వాసనా లేని గాలిలో ఆ వాసన మాకు వంద అడుగుల నించి వచ్చింది.

నాలుగు సంచుల మధ్యలోంచి వచ్చింది. ఎవరిదో తెలియదు.

"ఎవరిదిది?" అంది గైడ్. గొంతు పెంచలేదు. తుపాకీ మాత్రం భుజం మార్చుకుంది.

సుధ నన్ను చూసింది. కోపంగా కాదు. అంతకన్నా ఘోరంగా, తెలిసిందే అన్నట్టు చూసింది. "నీదేనా?"

"నాది కాదు. రూమ్‌లో పెట్టేశానన్నా కదా" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

అప్పుడు మాస్టారు బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తారు. "నాదండీ."

గైడ్ నమ్మలేనట్టు చూసింది. "మీరా? ఫారం మొత్తం చదివింది మీరొక్కరే కదా."

"చదివాను. తప్పు నాదే."

శ్రీకాంత్ నోట్లో రొట్టెముక్క అలాగే ఉంది. "మాస్టారూ. నా గమ్ గుంజుకొని మీరు గోంగూర తెచ్చిన్రా?" వాడు నవ్వడం మొదలుపెట్టాడు. సుధ కూడా ఒక క్షణం ఆగి నవ్వింది. నేనూ నవ్వాను. ముందుగా ఆపింది నేను కాదు.

ఫారంలో రాసినట్టే జరిగింది. గట్టు మీద నించి వ్యాన్ కనపడుతోంది, ముప్పావుగంట నడక. గైడ్ రేడియోలో డ్రైవర్‌కి చెప్పింది. మాస్టారు సంచి సర్దుకుని, జేబులోంచి చిన్న సీసా తీసి నా చేతిలో పెట్టారు. లేబుల్ అంటించి ఉంది.

"కాస్త లోపలికెళ్ళి పట్టవయ్యా. ఒడ్డున అయితే ఇసక వస్తుంది." కర్ర అందుకుని, "ఎంత చల్లగా ఉందో చూసి చెప్పు" అన్నారు. అంతే. నా కళ్ళలోకి అదోలా చూడడం, భుజం తట్టడం లాంటివేమీ లేవు. కర్ర ఊతంతో దిగుతూ వెళ్ళిపోయారు.

ఆయన వేసుకున్నది నారింజరంగు జాకెట్. గైడ్ బైనాక్యులర్స్ దించకుండా చూస్తూనే ఉంది. ఆ ముప్పావుగంటా ఆ చుక్క నాకూ కనపడుతూనే ఉంది. మొదటి పది నిమిషాలైతే పిలిస్తే వినపడేంత దూరమే. నేను పిలవలేదు.

తర్వాత మేము సముద్రం దగ్గరికి దిగాం. చెట్లే లేని దేశంలో ఒడ్డంతా దుంగలు, ఎక్కడో నదులు మోసుకొచ్చినవి. తిమింగలం వెన్నుపూస ఒకటి పీటలా పడుంది, సుధ దానిమీద కూర్చుంది. పాతకాలపు ఇళ్ళ గుంటలు గడ్డిలో చూపించింది గైడ్. ఒక వాగు దాటేటప్పుడు సుధ నా మోచెయ్యి పట్టుకుంది. ఆర్నెల్ల తర్వాత. దాటాక కూడా వదల్లేదు. "మాస్టారు, గోంగూర" అని తనలో తనే అనుకుని మళ్ళీ నవ్వింది. నేను నీళ్ళ సీసా సంగతి మర్చిపోయాను. శుభ్రంగా, పూర్తిగా మర్చిపోయాను.

లాడ్జ్‌లో జేబులో చెయ్యి పెడితే తగిలింది. అక్కడ వేసవిలో సాయంత్రమంటూ ఉండదు, మధ్యాహ్నంలా వెలుగు. మాస్టారు హాల్లో కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్నారు. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, సీసా నింపి, తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆయన వెలుతురుకి ఎత్తిపట్టి చూశారు. "చల్లగా ఉందా?"

"చేతులు కొంకర్లు పోయాయి మాస్టారూ."

"అలలు పెద్దవేనా?"

"పెద్దగా లేవు. ఇంతింత."

పుస్తకం తీసి రాసుకున్నారు. నేను చూపించిన ఇంతింతని అంగుళాల్లోకి మార్చి మరీ రాసుకున్నారు.

రూమ్‌లో నా సీసా ఉందో లేదో సుధ చూడనే లేదు, మాస్టారి మాట మీద అంత నమ్మకం. ఇంటికొచ్చిన వారానికే శ్రీకాంత్ వాళ్ళింట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. కథ మొదట చెప్పింది నేనే. అబద్ధం వేరేవాళ్ళ నోట్లో ఉంటే ఎప్పుడు ఏమవుతుందోనని భయం, అందుకే నేనే చేతిలోకి తీసుకున్నాను. మొదటి ఏడాది కథలో ఎలుగుబంటి లేదు. రెండో ఏడాది అది కొండ అవతలుంది. నాలుగో ఏడాదికి గట్టెక్కింది. పోయిన ఏడాది మాస్టారి సంచిలో మూతి పెట్టి, వేళ్ళు నాక్కుంటూ వెళ్ళింది. ఆయన ఎదురుగానే కూర్చుని పెరుగన్నం తినేవారు. ఎలుగుబంటి వచ్చినప్పుడు మాత్రం తలెత్తి, "ఎలుగుబంటి కాదయ్యా, ఉడుత. మిగతాదంతా సరే" అనేవారు. జనం ఇంకా నవ్వేవారు.

ఆయన పేరు పోయింది. పచ్చడి మాస్టారు అయ్యారు. పిల్లలకి పికిల్ అంకుల్. పండగలకి ఎవరింటికి వెళ్ళినా, "మాస్టారూ, జేబులు చూపించండి" అనడం ఆచారమైంది. జేబులు తిరగేసి చూపించేవారు. రూలు చూపించి ఎవర్నైనా ఏదైనా వద్దంటే, "మీరా మాకు చెప్పేది" అనేవాళ్ళు. దాంతో మెల్లగా బోర్డులు పైకి చదవడం మానేశారు. ఆ మార్పు నేను గమనించాను. లిఫ్టులో మనిషి ఎక్కువైతే దిగడం మాత్రం మానలేదు, చెప్పకుండా దిగేవారు.

షోకేసులో ఏడు సీసాలయ్యాయి. ఆరింటి లేబుళ్ళు మన వైపు, ఏడోది గోడ వైపు. ఎందుకలా ఉందని నేనెప్పుడూ అడగలేదు. అలా ఉండడమే నాకు హాయిగా ఉండేది.

ఇర్వింగ్ హాల్లో సంతాప సభ రోజు ముందు ఒక కుర్రది, మెడిసిన్ చదువుతోంది, మైకు తీసుకుని, "పికిల్ అంకుల్ చాలా నైస్. నాకు డ్రైవింగ్ నేర్పించాడు. ఎప్పుడూ అరవలేదు అతను" అని ఏడ్చింది. తర్వాత శ్రీకాంత్ నా చేతికి మైకిచ్చాడు. "ఆ కథ నువ్వే చెప్పాలెరా. నువ్వు చెప్తేనే మంచిగుంటది." చెప్పాను. ఎలుగుబంటితో సహా చెప్పాను. ఉడుత అని సరిదిద్దేవాళ్ళు లేరు.

భోజనాలయ్యాక ఆంటీ ఒక కాగితం సంచి నా చేతికిచ్చింది. "ఇది నువ్వు తెచ్చిందేగా బాబూ. నీకే ఇమ్మన్నారు." ఆ తర్వాత మామూలుగా, "నాకొకటి అర్థం కాదు. ఈయనకి గోంగూర పడదు. ఇంట్లో వండితే బాల్కనీలో కూర్చునేవారు. మరి కొండమీదికెందుకు తీసుకెళ్ళారండీ అనడిగితే, ఆ ఫైలు క్లోజ్ చేశానన్నారు" అంది. నా సమాధానం కోసం ఆగలేదు. ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

కార్లో కూర్చుని సీసా తిప్పి చూశాను. మాస్టారి దస్తూరీ, ముత్యాలకోవ. తేదీ ఉంది. పట్టినవారు అన్నచోట నా పేరు, పక్కన గారు కూడా పెట్టి. రుచి అన్నచోట: "ఉప్పు లేదు." సముద్రం అన్న వరస మాత్రం ఖాళీగా వదిలేశారు. తెలియనిది రాయకూడదు కదా, ఆయన రాయలేదు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో సుధకి చెప్పాను. పొద్దున ఫారం దగ్గర నించి కుళాయి దాకా, వరసగా. తను దోసెల పిండి కలుపుతోంది. కలపడం ఆపలేదు. అంతా అయ్యాక చెయ్యి కడుక్కుని, "ఆయన దిగుతుంటే నేనేమన్నానో గుర్తుందా?" అంది.

"లేదు."

"ఈ వయసులో ఇంత కక్కుర్తేంటి అన్నాను. గట్టిగానే అన్నాను. అప్పటికి ఆయన నాలుగడుగులు కూడా వెయ్యలేదు." టవలుకి చెయ్యి తుడుచుకుంటూనే ఉంది, చెయ్యి ఎప్పుడో ఆరిపోయినా. "నువ్వొక్కడివే చేసింది కాదిది. తొమ్మిదేళ్ళు నన్ను కూడా నవ్వించావు."

వెళ్ళిపోతాననలేదు. ఉంటాననీ అనలేదు. రెండో గదిలో మళ్ళీ దీపం వెలుగుతోంది. 

ఆంటీకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ "అయితే క్లోజ్ అయింది ఆ ఫైలన్నమాట" అని పెట్టేసింది. మా వాట్సాప్ గ్రూపులో కూడా ఉన్నదున్నట్టు రాశాను. ఆ తర్వాత శ్రీకాంత్ దగ్గర నించి వచ్చింది: "నిజమే కావచ్చురా. కానీ పాతదే మంచిగుండె." దానికి పదకొండు మంది బొటనవేలు పెట్టారు. వాళ్ళు పాతదే చెప్పుకుంటారు, నాకు తెలుసు. పాతదాంట్లో ఎలుగుబంటి ఉంది. నాకున్నదల్లా ఒక ఉడుత, ఒక కుళాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను, అచ్చులో ఉంటే కనీసం మాస్టారిలాంటివాళ్ళు ఎవరైనా పూర్తిగా చదువుతారని.

నిన్న వంటింటి గట్టు మీద సీసా పెట్టుకుని కూర్చున్నాను. సుధ వచ్చింది. లేబుల్ చదివింది. సొరుగు తీసి, ఒక పెన్ను నా ముందు పెట్టి, అక్కడే నిలబడింది.

ఆ ఖాళీ వరసలో రాశాను. సముద్రం: కాదు. లాడ్జ్ బాత్‌రూమ్ కుళాయి.